దక్కను నదుల పాత కథను భద్రపరచిన ఉద్యోగి – గులాం యజ్దానీ

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితం రాసి ఇవ్వవలసిందిగా కార్యవర్గం వారు కోరినప్పుడు, నాయకుల గురించి, కవుల గురించి మిత్రులు ఎలాగూ రాస్తారు కదా అనుకున్నాను. మనవంటి ఒక సర్కారు ఉద్యోగి గురించి రాస్తే బాగుంటుందనిపించింది. ఆయన పెద్ద హోదాలోనే పనిచేశారు. అయినా ఆయన చేసిన పని చూస్తే మనం చేసిన పనికి దగ్గరి చుట్టమే. చూడడం, రాసుకోవడం, నంబరు వేయడం, దాచిపెట్టడం. ఆయన పేరు గులాం యజ్దానీ. నిజాం సంస్థానం పురావస్తు శాఖకు తొలి డైరెక్టరు.

ఈ పేరు నాకు గుర్తు రావడానికి కారణం మా మనవరాలు. దాని సాంఘిక శాస్త్రం పాఠంలో ప్రపంచంలోని తొలి నాగరికతలు నదుల ఒడ్డున పుట్టాయని ఉంది. ఈజిప్టులో నైలు, ఇరాకులో టైగ్రిస్ యూఫ్రటీస్ నదుల జంట, మన ఉపఖండంలో సింధు, చైనాలో పసుపు నది. పాఠం అప్పజెప్పి, కృష్ణా గోదావరులు ఈ లెక్కలో ఎందుకు లేవని, ఆ కాలంలో ఇక్కడ ఎవరూ లేరా అని అడిగింది. నాకు వెంటనే జవాబు తోచలేదు. చాంద్రాయణగుట్ట నుంచి బస్సెక్కి, చార్మినారు దాటి, అఫ్జల్‌గంజ్ దగ్గర మూసీ దాటి, నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియానికి దాన్ని తీసుకుపోయాను. నలభై ఏళ్ళు ఆ దారిన తిరిగినవాణ్ణి, ఆ గుమ్మం లోపలికి అంతకుముందు ఒక్కసారే వెళ్ళాను. ఆ మ్యూజియం కథ, మనవరాలి ప్రశ్నకు జవాబు, రెండూ యజ్దానీ గారి జీవితంలోనే కలిసి ఉన్నాయి.

ఢిల్లీ నుంచి హైదరాబాదుకు

యజ్దానీ గారు 1885లో ఢిల్లీలో జన్మించారు. అరబీ, పారశీక భాషలు ఆయన సొత్తు. చదువు ముగించి కొంతకాలం కళాశాలల్లో ఆ భాషలు బోధించారు. పాత మసీదుల మీద, సమాధుల మీద, కోట గుమ్మాల మీద చెక్కిన శాసనాలను చదవడంలో ఆయనకు చిన్న వయసులోనే పేరు వచ్చింది. భారత ప్రభుత్వం ముస్లిం శాసనాల కోసం నడిపిన పత్రికకు చాలా ఏళ్ళు సంపాదకత్వం వహించారు. అక్షరం అరిగిపోయిన రాయి ముందు గంటల తరబడి కూర్చోగల ఓపిక ఆ పనిలోనే అలవడి ఉంటుంది.

1914లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ప్రభుత్వం పురావస్తు శాఖను కొత్తగా ఏర్పాటు చేసింది. భారత పురావస్తు శాఖ అధిపతి సర్ జాన్ మార్షల్ సలహా మీద యజ్దానీ గారిని దానికి డైరెక్టరుగా నియమించారు. అప్పటికి ఆయన వయసు ఇరవై తొమ్మిదేళ్ళు. సంస్థానం విస్తీర్ణం సుమారు 82 వేల చదరపు మైళ్ళు. తెలంగాణ, మరాఠ్వాడా, రాయచూరు గుల్బర్గా వైపు కన్నడ జిల్లాలు అన్నీ అందులోవే. గోదావరి, మంజీర, భీమ, కృష్ణ, తుంగభద్ర, మన మూసీ, ఇన్ని నదుల ఒడ్డున ఎన్ని ఊళ్ళు, ఎన్ని దిబ్బలు ఉన్నాయో అప్పటికి జాబితా లేదు. అజంతా, ఎల్లోరాలు కూడా ఈ సంస్థానంలోవే. గుడి కూలుతుంటే ఆ రాళ్ళు పట్టుకుపోయి ఇల్లు కట్టుకునే రోజులవి.

కొత్త శాఖ అంటే ఎలా ఉంటుందో మనకు తెలియనిది కాదు. బల్లలు, కుర్చీలు, పోస్టుల మంజూరు దగ్గర్నుంచి అన్నీ మొదలుపెట్టాలి. యజ్దానీ గారు మొదటి సంవత్సరం నుంచీ ఒక పద్ధతి పెట్టారు. ఏ కట్టడానికి ఏ మరమ్మతు చేశారు, ఎంత ఖర్చయింది, ఏ శాసనం దొరికింది, ఏ నాణెం ఎక్కడి నుంచి వచ్చింది, ఇదంతా వార్షిక నివేదికగా అచ్చు వేయించడం. రెవెన్యూలో చేసినవారికి ఫస్లీ సంవత్సరం కొత్త కాదు. ఆ నివేదికలు 1324 ఫస్లీ, అంటే 1914-15 నుంచి మొదలవుతాయి. ఫొటోలు, నకళ్ళు, పట్టికలతో సహా ఉంటాయి. ఈ రోజుకీ పరిశోధకులు వాటిని వెదుక్కుంటారు. ఒక్కో అంశం మీద విడిగా గ్రంథాలు వేసేందుకు హైదరాబాదు పురావస్తు గ్రంథమాలనూ నడిపించారు.

మస్కి శాసనం

శాఖ పుట్టిన కొన్ని నెలలకే ఒక గొప్ప సంగతి బయటపడింది. కృష్ణా తుంగభద్రల నడుమ రాయచూరు సీమలో మస్కి అనే ఊరుంది. అది ఇప్పుడు కర్ణాటకలో ఉంది. 1915 జనవరిలో బంగారు గనుల ఇంజనీరు బీడన్ అక్కడ తిరుగుతూ ఒక బండ మీద బ్రాహ్మీ అక్షరాలు చూశాడు. అది అశోకుని శాసనం. అంతవరకు దొరికిన శాసనాల్లో దేవానాంప్రియుడు, ప్రియదర్శి అనే బిరుదులే కనిపించేవి. ఆ రాజు అశోకుడేనని సింహళ గ్రంథాల ఆధారంగా పండితులు నిర్ణయించారు గాని, రాతి మీద ఆ పేరు కనబడలేదు. మస్కి బండ మీద అశోకుని పేరు స్పష్టంగా ఉంది. ఎనభై ఏళ్ళ అనుమానం ఒక్క మాటతో తీరిపోయింది.

శాసన పండితులు హెచ్. కృష్ణశాస్త్రి గారి చేత దాన్ని చదివించి, అదే ఏడాది తమ గ్రంథమాలలో మొదటి సంఖ్యగా హైదరాబాదు శాఖ ప్రకటించింది. తనకు అలవాటైన అరబీ పారశీక శాసనాలతోనే గ్రంథమాల మొదలుపెట్టాలని డైరెక్టరు అనుకుని ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ఆయన అలా చేయలేదు. తర్వాత 1931లో కొప్పళ దగ్గర గవిమఠం, పాల్కిగుండు అనే చోట్ల మరి రెండు అశోక శాసనాలు దొరికాయి. వాటినీ ఆ శాఖే ప్రచురించింది.

1922లో పాలంపేట గుళ్ళ మీద ఆయన రాసిన పుస్తకం భారత పురావస్తు శాఖ వేసింది. పాలంపేట అంటే మన రామప్ప గుడి. క్రీ.శ. 1213లో కట్టిన ఆ గుడి ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది 2021లో. దానికి దాదాపు నూరేళ్ళ ముందే ఆ గుడి శిల్పాన్ని పేజీ పేజీగా ప్రపంచానికి చూపినవాడు ఈ ఢిల్లీ పెద్దమనిషి. ఓరుగల్లు సీమ శాసనాలకూ ఆయన హయాంలో మేలు జరిగింది. శ్రీనివాసాచారి గారు సంపాదించి కూర్చిన తెలంగాణ జిల్లాల శాసనాల సంపుటి ఆ గ్రంథమాలలోనే వెలువడింది.

రాక్షసగుళ్ళలో కుండలు

ఇక మనవరాలి ప్రశ్నకు దగ్గరపడే సంగతి. మన పల్లెల్లో పెద్ద పెద్ద బండరాళ్ళు గుండ్రంగా పేర్చి, నడుమ రాతి పలకలతో పెట్టెలా కట్టిన చోట్లను రాక్షసగుళ్ళని పిలవడం పెద్దలకు తెలుసు. మౌలాలి దగ్గర, హష్మత్‌పేటలో, భువనగిరి దగ్గర రాయగిరిలో ఇలాంటివి ఉన్నాయి. అవి రాక్షసులవి కావు, ఇనుము వాడిన పాతకాలపు మనుషుల సమాధులు. వాటిలో ఇనుప పనిముట్లు, నలుపు ఎరుపు కుండలు, ఎముకలు దొరుకుతాయి.

యజ్దానీ గారు ఆ కుండలను దగ్గరగా చూశారు. కొన్నిటి మీద గీతలు, గుర్తులు ఉన్నాయి. త్రిశూలంలా కొన్ని, నిచ్చెనలా కొన్ని. ఎవరో పిల్లలు గీసినవని వదిలేయవచ్చు. ఆయన ఆ గుర్తులన్నిటినీ ఏరి, బొమ్మలు గీయించి, ఇతర పాత లిపులతో పోల్చి, 1917లో హైదరాబాదు పురావస్తు సంఘం పత్రికలో వ్యాసం రాశారు. దక్కను సమాధుల్లో ఇదొక కొత్త విశేషమని లోకానికి తెలియజేశారు.

ఆ సంవత్సరం గమనించండి. 1917. సింధు నాగరికత అనే మాటే అప్పటికి ఎవరికీ తెలియదు. దయారాం సాహ్ని రావి నది ఒడ్డున హరప్పాలో తవ్వకం మొదలుపెట్టింది 1921లో. రాఖాల్‌దాస్ బెనర్జీ సింధు ఒడ్డున మొహెంజోదారోలో తవ్వింది 1922 చివర్లో. ఆ రెండు ఊళ్ళు ఒకే నాగరికతకు చెందినవని, క్రీస్తుకు వేల ఏళ్ళ ముందువని మార్షల్ లండన్ పత్రికలో ప్రకటించింది 1924 సెప్టెంబరు 20న. సింధు ముద్రల మీది గుర్తులు బయటపడిన తర్వాత దక్కను కుండల మీది గుర్తులకు విలువ పెరిగింది. 1960లో బి.బి. లాల్ గారు రెంటినీ పక్కపక్కన పెట్టి చూసి, చాలా గుర్తులు కలుస్తున్నాయని చూపారు. అంతమాత్రాన అవి ఒకే లిపి అని తేలిపోలేదు. సింధు లిపినే ఇప్పటివరకు ఎవరూ చదవలేకపోయారు. రాక్షసగుళ్ళు కూడా సింధు నగరాలకు చాలా శతాబ్దాల తర్వాతివి. అయితే పోల్చి చూడడానికంటూ ఒక పట్టిక చేతికి అందిందంటే, ఎందుకు పనికొస్తుందో తెలియని రోజుల్లో ఎవరో కూర్చుని రాసిపెట్టారు గనుకనే.

ఒకే ఏడు పుట్టిన ఇద్దరు

ఇక్కడ రాఖాల్‌దాస్ బెనర్జీ గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఆయన కూడా 1885లోనే పుట్టారు. బెంగాలీవారు. మొహెంజోదారోలో ఒక బౌద్ధ స్తూపం దిబ్బ కింద అంతకంటె ఎంతో పాత ఊరు ఉన్నదని పసిగట్టినవారు. చరిత్రకారుడు, నవలా రచయిత, మహా మేధావి. కాని ఉద్యోగ జీవితం చిక్కుల్లో పడి, 1926 ప్రాంతంలో శాఖను వదలవలసి వచ్చింది. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా చేరి, 1930లో నలభై అయిదేళ్ళకే కన్నుమూశారు. మొహెంజోదారో మీద ఆయన పై అధికారికి సమర్పించిన నివేదిక ఆయన బ్రతికుండగా వెలుగు చూడలేదు. 1984లో వారణాసిలో అచ్చయింది. రాసినవాడు పోయిన యాభై నాలుగేళ్ళకు.

నేను ఇద్దరిలో ఎవరు గొప్ప అని తూకం వేయడం లేదు. కనిపెట్టడం బెనర్జీ గారి భాగ్యం. అది అందరికీ దక్కదు. కాని రాసినది అచ్చయి నిలవడం, వస్తువు చీటీతో సహా అరలోకి చేరడం, ఇవి భాగ్యం మీద వదిలేసే పనులు కావు. యజ్దానీ గారికి మొహెంజోదారో వంటి నగరం దొరకలేదు. దొరికిన ప్రతి చిన్నదాన్నీ చేజారిపోకుండా కాపాడారు. మనలో ఎక్కువమందికి చేతనయిన గొప్పదనం ఈ రెండోదే అని నా నమ్మకం.

అజంతా

ఆయన పేరు ప్రపంచమంతా తెలిసింది మాత్రం అజంతా వల్ల. వాఘోరా వాగు వంపులో ఉన్న ఆ గుహలు 1819లో ఒక ఆంగ్ల సైనికాధికారి కంట పడ్డాయి. ఆ తర్వాత చిత్రకారులు వచ్చి నకళ్ళు గీశారు. రాబర్ట్ గిల్ ఏళ్ళ తరబడి గీసిన బొమ్మల్లో చాలా భాగం 1866లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. తర్వాత గ్రిఫిత్స్ బృందం గీసినవాటిలోనూ అనేకం 1885లో మరో అగ్నిప్రమాదంలో పోయాయి. నకలు తీసేందుకు బొమ్మల మీద పూసిన వార్నిషు అసలు బొమ్మలకే చేటు చేసింది. గోడల నుంచి పూత పెచ్చులుగా రాలుతూ ఉండేది.

నిజాం ప్రభుత్వం ఇటలీ నుంచి ఇద్దరు నిపుణులను, చెక్కోని, ఓర్సీనీ అనేవారిని రప్పించింది. 1920 నుంచి 1922 మధ్య వారు ఊడిపోతున్న పూతను గోడకు అంటించి, మురికి తుడిచి, బొమ్మలను నిలబెట్టారు. దీనిలో ఒక లోపం కూడా ఉంది. వారు రక్షణ కోసం పూసిన లక్క పూత కాలక్రమంలో పసుపుబారి రంగులను కప్పింది. తర్వాతి కాలంలో భారత పురావస్తు శాఖ రసాయన నిపుణులు దాన్ని ఓపికగా తొలగించవలసి వచ్చింది. మంచి చేయబోయి పొరపాటు జరగడం సర్కారు పనిలో ఉన్నదే. అయితే ఆ రోజున అంటించకపోతే, తుడవడానికి ఈ రోజు బొమ్మలే మిగిలేవి కావేమో.

గోడను నిలబెట్టడంతో ఆగక యజ్దానీ గారు బొమ్మలన్నిటినీ రంగుల్లోను, నలుపు తెలుపుల్లోను ఫొటోలు తీయించి, ప్రతి దృశ్యం ఏ జాతక కథలోదో వివరించి, పెద్ద పుస్తకాలుగా వెలువరించే పని పెట్టుకున్నారు. నాలుగు భాగాలు. మొదటిది 1930లో, రెండోది 1933లో, మూడోది 1946లో, నాలుగోది 1955లో వచ్చాయి. మొదటి భాగానికీ చివరి భాగానికీ మధ్య ఇరవై అయిదేళ్ళు. ఈ మధ్యలో ప్రపంచ యుద్ధం జరిగింది, దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, 1948లో సంస్థానమే భారతదేశంలో కలిసింది. పుస్తకం మాత్రం ఆగలేదు.

మ్యూజియం, తవ్వకాలు

1930లో పబ్లిక్ గార్డెన్స్‌లో హైదరాబాదు మ్యూజియం ఏర్పడింది. దేశమంతా చెప్పుకునే ఈజిప్టు మమ్మీ ఆ ఏడే అక్కడికి చేరింది. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ దాన్ని కొని తెచ్చి ఏడో నిజాంకు ఇచ్చారని, ఆయన మ్యూజియానికి ఇచ్చారని చెబుతారు. మా మనవరాలు దాన్ని చూసి పిరమిడ్ల కాలం నాటిదే అనుకుంది. కాదు. పిరమిడ్లు కట్టి నాలుగున్నర వేల ఏళ్ళయింది. ఈ మమ్మీ సుమారు 2,300 ఏళ్ళ నాటిదంటారు. అంటే మన అశోకుని కాలానికి కాస్త అటూ ఇటూ. నైలు నాగరికత ముసలితనంలో పోయిన పిల్ల అన్నమాట.

జనం మమ్మీని చూసి వెళ్ళిపోతారు. పక్క గదుల్లో ఉన్న మన నదుల వస్తువుల దగ్గర ఎవరూ నిలబడరు. ఆ వస్తువుల వెనుక యజ్దానీ గారి శాఖ చేసిన తవ్వకాలు ఉన్నాయి. 1930ల్లో మస్కిలోను, గోదావరి ఒడ్డున శాతవాహనుల రాజధాని పైఠాన్‌లోను తవ్వించారు. 1940 తర్వాత సంగారెడ్డి దగ్గర కొండాపూర్‌లో తవ్వించారు. ఇప్పుడు కంప్యూటర్ కంపెనీలున్న కొండాపూర్ అనుకునేరు, అది వేరు, ఇది వేరు. అక్కడ ఇటుక ఇళ్ళ పునాదులు, శాతవాహనుల నాణేలు, పూసలు, కాల్చిన మట్టి బొమ్మలు విస్తారంగా దొరికాయి. రెండువేల ఏళ్ళ నాటి ఒక తెలంగాణ పట్నం మట్టి కింద నుంచి లేచి వచ్చింది. ఇప్పుడూ ఆ ఊళ్ళో చిన్న మ్యూజియం ఉంది.

1931లో మార్షల్ మొహెంజోదారో మీద మూడు పెద్ద సంపుటాలు వెలువరించినప్పుడు, అక్కడ దొరికిన బంగారు నగల ముచ్చట కూడా వచ్చింది. ఆ బంగారంలో వెండి కలిసి ఉన్నందువల్ల అది దక్షిణాది గనుల నుంచి, హైదరాబాదు సంస్థానం, మైసూరు, మద్రాసు వైపు నుంచి పోయి ఉండవచ్చునని అందులో ఊహించారు. మస్కికి దగ్గరలోనే హట్టి బంగారు గనులున్నాయి, పాతకాలంలోనే చాలా లోతుకు తవ్వినవి. సింధు వారి బంగారం అక్కడిదేనని రుజువేమీ లేదు. కాని కృష్ణా తుంగభద్రల సీమను సింధు సీమతో కలిపి ఆలోచించడం ఆనాడే మొదలయింది.

పెన్షన్ తర్వాత

1943లో యాభై ఎనిమిదేళ్ళ వయసులో యజ్దానీ గారు ఉద్యోగ విరమణ చేశారు. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసు. మన పాఠకులకు నేను ముఖ్యంగా చెప్పదలచిన భాగం ఇక్కడి నుంచి మొదలవుతుంది. అజంతా నాలుగు భాగాల్లో రెండు ఆయన పెన్షన్ తీసుకుంటూ పూర్తి చేసినవే. బీదరు కట్టడాల మీద పెద్ద గ్రంథం 1947లో వచ్చింది. 1959లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. 1960లో, డెబ్భై అయిదేళ్ళ వయసులో, ఆయన సంపాదకత్వంలో దక్కను ప్రాచీన చరిత్ర రెండు సంపుటాలుగా వెలువడింది. దేశంలోని పెద్ద పెద్ద పండితుల చేత ఒక్కో అధ్యాయం రాయించారు. అందులో కాకతీయుల అధ్యాయం మన నేలటూరి వెంకటరమణయ్య గారు, మల్లంపల్లి సోమశేఖరశర్మ గారు రాసినది. 1962లో యజ్దానీ గారు స్వర్గస్థులయ్యారు.

ఢిల్లీలో పుట్టి, అరబీ చదివి, ఉర్దూ కచేరీలో పనిచేసిన మనిషి అశోకుణ్ణి, శాతవాహనులను, రామప్పను, రాక్షసగుళ్ళను ఒకే శ్రద్ధతో చూశారు. ఎవరి గుడి, ఎవరి మసీదు అని లెక్క చూసుకోలేదు. పాతబస్తీలో బ్రతుకుతున్న మనకు ఈ మాట విలువ వేరే చెప్పనక్కర లేదు.

మనవరాలి ప్రశ్నకు జవాబు

ఇంతకీ సింధు నగరాలు వెలిగిన కాలంలో మన నదుల ఒడ్డున ఎవరున్నారు? యజ్దానీ గారి చివరి రోజుల్లోనే దీనికి సగం జవాబు దొరికింది. పాత మహబూబ్‌నగర్ జిల్లా మక్తల్ తాలూకాలో, కృష్ణకు దగ్గరగా ఉట్నూరు అనే ఊరుంది. ఆదిలాబాదు ఉట్నూరు కాదు. అక్కడ పెద్ద బూడిద దిబ్బ ఉంది. ఇలాంటి దిబ్బలను జనం రాక్షసులను తగలబెట్టిన చోట్లని చెప్పుకునేవారు. 1957లో ఆల్చిన్ అనే ఇంగ్లీషు పండితుడు దాన్ని తవ్వి చూశాడు. అది ఆవుల దొడ్డి. కర్రలు పాతి కంచె కట్టి, లోపల పశువులను తోలి, పేరుకున్న పేడను అప్పుడప్పుడు కాల్చగా కాల్చగా లేచిన దిబ్బ. బూడిదలో పశువుల గిట్టల అచ్చులు కూడా కనిపించాయి. దాని కాలం క్రీస్తుకు పూర్వం రెండువేల ఏళ్ళకు పైమాటే. మొహెంజోదారోలో ఇటుక స్నానఘట్టం ఉన్న రోజుల్లో కృష్ణ ఒడ్డున మన గొల్లవారి వంటివాళ్ళు మందలు మేపుకుంటున్నారన్నమాట.

మిగతా సగం జవాబు తర్వాత వచ్చింది. గోదావరికి ఉపనది ప్రవర. దాని ఒడ్డున మహారాష్ట్రలో దైమాబాద్ అనే దిబ్బ 1958లో కంటబడింది. సింధు నాగరికత చివరి దశలోని జనం అంత దక్షిణానికి వచ్చి అక్కడ కాపురమున్నారని తవ్వకాల్లో తేలింది. 1974లో అక్కడ రథం, ఏనుగు, ఖడ్గమృగం, దున్న, నాలుగు పెద్ద కంచు బొమ్మలు దొరికాయి. వాటి కాలం మీద పండితులకు భేదాభిప్రాయాలున్నా, గోదావరి నీళ్ళకు సింధు వారి గాలి తగిలిందన్న మాట నిజం. మన గోదావరి ఒడ్డునే కోటిలింగాలలో శాతవాహనుల తొలి రాజుల నాణేలు ఆ తర్వాతి కాలంలో బయటపడ్డాయి.

కాబట్టి మనకూ హరప్పా ఉండేదని గొప్పలు చెప్పుకోనక్కర లేదు, మనకేమీ లేదని తల దించుకోనక్కరా లేదు. ఇక్కడ ముందు పశువుల కాపరులు, తర్వాత ఇనుము కరిగించినవారు, తర్వాత పట్నాలు కట్టినవారు. నది ఒకటే, మనుషులు మెట్టు మెట్టుగా ఎక్కారు. మ్యూజియం మెట్ల మీద కూర్చుని మా మనవరాలికి ఇదే చెప్పాను. అదంతా విని, ఆ ఆవుల దొడ్డి చూడడానికి ఎప్పుడు పోదామని అడిగింది.

చివరిగా నా తప్పొకటి ఒప్పుకోవాలి. నేను పనిచేసిన ఒక కచేరీలో, పేరు అనవసరం, రికార్డు గది నా చేతి కింద ఉండేది. ఒక వానాకాలం కప్పు కారి పాత కట్టలు కొన్ని తడిశాయి. ఎండలో ఆరబెడితే చాలావరకు దక్కేవి. పని ఎక్కువగా ఉందని, పైవారు నోటిమాటగా సరేనన్నారని, చిత్తుకాగితాల వాడికి వేయించి, రిజిస్టరులో పాడయినవని రాసేశాను. రెండేళ్ళ తర్వాత ఒక ముసలమ్మ తన భర్త భూమి తాలూకు పాత పహాణీ నకలు కోసం వచ్చింది. ఆ గ్రామం కట్ట ఆ తడిసినవాటిలోదే. లేదని చెప్పి పంపించాను. ఆమె గుమ్మం దగ్గర కాసేపు నిలబడి వెళ్ళిపోయింది. ఆమె పొలం ఏమయిందో నాకు తెలియదు. రాక్షసగుళ్ళ కుండల మీది గీతలను కూడా పారేయకుండా రాసిపెట్టిన మనిషి గురించి చదివినప్పుడల్లా ఆ గుమ్మమే కళ్ళ ముందుకు వస్తుంది.

మిత్రులకు నా మనవి రెండే మాటలు. మనవలను ఒక ఆదివారం పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియానికి తీసుకువెళ్ళండి. మమ్మీని చూపించండి, అక్కడితో ఆగక మన కుండల దగ్గర, మన నాణేల దగ్గర కూడా నిలబెట్టండి. రెండవది, మీ ఇళ్ళలో తాతల నాటి పట్టాలు, రసీదులు, సనదులు, ఉత్తరాలు ఉంటే పాత కాగితాలవాడికి వేయకండి. ఒక చీటీ మీద అవి ఎవరివో, ఎక్కడివో, ఏ సంవత్సరానివో రాసి, జత చేసి దాచండి. ఎవరికి ఎప్పుడు అక్కరకు వస్తాయో మనకు తెలియదు. 1917లో యజ్దానీ గారికీ తెలియదు.